సన్నటి చప్పుడున్నప్పుడే

ఇతరుల మిషన్ల పనైపోయిందని చెప్పడం నా ఉద్యోగం. ఉక్కు ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్లుగా ఇదే పని. మోటార్లు, బ్లోయర్లు, గేర్‌బాక్సులు ఎలా తిరుగుతున్నాయో పరికరం పెట్టి చూడటం, వాటి నూనె పరీక్షకి పంపించడం, తేడా కనిపిస్తే "వెంటనే ఆపి విప్పాలి" అని రిపోర్టు రాసి సంతకం పెట్టడం. ఆ "వెంటనే" అనే మాట కింద గీత గీసేటప్పుడు నాకు కలిగే సంతోషం పైకి చెప్పుకోదగ్గది కాదు.

రిపోర్టు చేరగానే ప్రొడక్షన్ వాళ్లు పరిగెత్తుకుంటూ వస్తారు. "వచ్చే షట్‌డౌన్ దాకా లాగించేద్దాం సార్" అని బతిమాలతారు. నేను కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "మీ షట్‌డౌన్ ఎప్పుడో ఆ బేరింగుకి తెలీదు కదండీ" అంటాను. ఈ డైలాగు నా సొంతం. వంద సార్లైనా వాడుంటాను. కళ్లజోడు తుడవడం కూడా అందులో భాగమే, నిజానికి అద్దాలకి మురికేం ఉండదు.

పరికరాలు అందరికీ సరిపడా లేని రోజుల్లో మా పని చాలావరకు చెవితోనే నడిచేది. పొడవాటి స్క్రూడ్రైవరు కొసని బేరింగు మీద ఆనించి, పిడిని చెవి దగ్గర నొక్కిపెట్టి వింటే లోపలేం జరుగుతోందో తెలుస్తుంది. అందులో నాకు పేరుంది. డిపార్ట్‌మెంట్‌లో నన్ను "చెవి సార్" అంటారు. నా వెనకాల అనుకునే మాటే, కానీ నా దాకా వచ్చింది. వచ్చిన రోజు ఇంటికెళ్లి మా ఆవిడకి రెండు సార్లు చెప్పాను.

ఇంతటివాణ్ణి, నా సొంత కారు ఇంజిన్ విప్పించాలా వద్దా అన్నది తేల్చుకోడానికి పది నెలలు తీసుకున్నాను. కారణం ఇంజిన్ కాదు. ఆ సంగతి ఒప్పుకోడానికే పది నెలలు పట్టింది.

కారు గురించి చెప్పాలి. పన్నెండేళ్ల కిందట, నలభై నాలుగేళ్ల వయసులో, బుద్ధున్నవాళ్లు ఫ్లాటుకి అడ్వాన్సు కట్టే సమయంలో, నేను ఒకరు వాడి అమ్మేసిన టర్బో పెట్రోలు కారు కొన్నాను. ముదురు నీలం. కాలు నొక్కితే వీపు సీటుకి అతుక్కుపోతుంది. కూర్మన్నపాలెం సిగ్నల్ దగ్గర పక్కన కుర్రాళ్లు కొత్త కారులో ఆగితే, నేను ముందుకి చూస్తూ, ఏమీ ఎరగనట్టు, పచ్చలైటు కోసం కాచుకునేవాణ్ణి. బట్టతల, ముందు జేబులో రెండు పెన్నులు, ఒళ్లో టిఫిన్ క్యారేజీ. వాళ్లు నన్ను అసలు పోటీదారుగా గుర్తించి ఉండరు. నేను మాత్రం గెలిచి ఫ్యాక్టరీ గేటు దాకా మీసం తడుముకుంటూ వెళ్లేవాణ్ణి.

మీటరు రెండు లక్షల అరవై వేల కిలోమీటర్లు దాటాక ఇంజిన్ నూనె తాగడం మొదలుపెట్టింది. మొదట్లో వెయ్యి కిలోమీటర్లకి పావు లీటరు. పౌరుషం ఉన్న ఇంజిన్లు కాస్త తాగుతాయని సరిపెట్టుకున్నాను. మా మావగారి గురించి మా అత్తగారు కూడా అచ్చం ఇలాగే చెప్పేది. తరవాత అర లీటరు. తరవాత ముప్పాతిక. నూనె డబ్బాని పాత తువ్వాలులో చుట్టి డిక్కీలో స్పేర్ టైరు వెనకాల దాచాను. ఫ్యాక్టరీ పార్కింగులో ఎవరూ లేనప్పుడు బానెట్ ఎత్తి పోసేవాణ్ణి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే వెనక నించి నీలంపొగ వచ్చేది. ఎదురింటాయన అడిగితే "పొగమంచండీ" అన్నాను. అది మే నెల. ఆయన చొక్కా లేకుండా తువ్వాలుతో విసురుకుంటూ నించున్నాడు.

ఇదే కారు నా మేనేజరుదై ఉంటే నేనెంత నిప్పులు చెరిగేవాణ్ణో నాకు తెలుసు.

చప్పుడు సంగతి మొదట పట్టుకున్నది మా ఆవిడ. తను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరు. విజయనగరం అవతల పల్లె నించి వచ్చిన మనిషి, బళ్లో పుస్తకాల తెలుగు, ఇంట్లో వాళ్ల ఊరి తెలుగు. మా నాన్న పోర్టులో ఉద్యోగానికి గోదావరి వైపు నించి వచ్చినవాడు కాబట్టి నాది అటూ ఇటూ కాని భాష. ఓ ఆదివారం యారాడ కొండ దిగుతున్నాం. కాలు యాక్సిలరేటర్ మీంచి తీశాను.

"ఏటండీ, కిటకిటమంతంది?" అంది.

"ఏం లేదే."

"ఉంది. మీరు కాలు తీసినప్పుడల్లా ఒత్తంది."

"నీ గాజులై ఉంటాయి" అన్నాను.

తను కుడిచేతి గాజులన్నిటినీ ఎడంచేత్తో గట్టిగా గుప్పిట పట్టుకుని, బొమ్మలా కదలకుండా కూర్చుంది. తరవాతి మలుపులో మళ్లీ నా వైపు తిరిగి "ఇప్పుడో?" అంది.

"చక్రంలో రాయి ఇరుక్కుని ఉంటుంది" అన్నాను. ఆ రాయిని నేను నాలుగు నెలలు చక్రంలోనే ఉంచాను.

తరవాత జాలరిపేటలో. మా ఆవిడ ఎప్పుడూ ఒకే ఆమె దగ్గర చేపలు కొంటుంది. బండి పెట్టడానికి చోటు దొరక్క నేను ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని రోడ్డు వారన కూర్చున్నాను. వెనక సముద్రం హోరు, ముందు బేరాలాడేవాళ్ల అరుపులు. అంత గోలలో ఆ చేపలామె గంప పక్కన పెట్టి నా కిటికీ దగ్గరికి వచ్చి, "బాబూ, నీ బండి ఏటి, పళ్లు కొరుకుతంది?" అంది.

"ఏసీ చప్పుడమ్మా అది."

"ఏసీయా? మా బోటు ఇంజినూ ఇలగే కొరికింది బాబూ. నడిసంద్రంలో ఆగిపోనాది. సూపించుకో" అని, నేనేదో చిన్నపిల్లాణ్ణి అన్నట్టు జాలిగా చూసి వెళ్లిపోయింది. మా ఆవిడ చేపల సంచి పట్టుకుని వెనకే నించుంది. అంతా వింది. టీచర్లు అలాగే చేస్తారు, ఇంకో సాక్షి వచ్చేదాకా ఆగుతారు.

ఇక్కడ నిజం చెప్పేస్తాను. నాకు ఏ చప్పుడూ వినపడలేదు. యారాడ కొండ మీదా వినపడలేదు, జాలరిపేటలోనూ వినపడలేదు. ఇంజిన్ గుర్రు వినపడేది, గాలి హోరు వినపడేది, హారన్లు వినపడేవి. వాళ్లిద్దరూ చెప్పే ఆ సన్నటి కిటకిట మాత్రం నా వరకు లేదు.

నాకు అనుమానం లేకపోలేదు. ఫ్యాక్టరీలో మాకు ఏటా వైద్య పరీక్ష ఉంటుంది. చెవుల పరీక్షకి ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెడతారు. శబ్దం వినపడగానే చేతిలో బటన్ నొక్కాలి. గదికి ఒక అద్దం కిటికీ ఉంటుంది. ఆ కిటికీలోంచి పరీక్ష చేసే అటెండరు మోచెయ్యి కనిపిస్తుంది. ఆయన శబ్దం పంపినప్పుడల్లా ఆ మోచెయ్యి కొంచెం కదులుతుంది. అంతే, మోచెయ్యి కదిలితే బటన్ నొక్కడం. రోలింగు మిల్లులో చప్పుడు మధ్య పదేళ్లు పనిచేసిన ప్రతివాడికీ ఈ విద్య తెలుసు. పెద్దవాళ్లు మాకు నేర్పారు, నేను నా తరవాత వచ్చినవాళ్లకి నేర్పాను. కిటికీకి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి కూర్చోవాలని, అన్నిటికీ నొక్కకూడదనీ రెండు మూడు వదిలెయ్యాలనీ, అప్పుడే నమ్ముతారనీ కూడా నేర్పాను. ఇంత శ్రద్ధగా నేను ఇంకేదీ ఎవరికీ నేర్పలేదు.

పరీక్షలో పోతే మిషన్ల దగ్గర నించి తీసేసి ఆఫీసులో టేబుల్ ముందు కూర్చోబెడతారు. మూడేళ్లలో రిటైరవుతాను, కూర్చోబెడితే కొంప మునిగేదేమీ లేదు. కానీ చెవి సార్‌ని చెవులు పని చెయ్యక కూర్చోబెట్టారంటే నేనెక్కడ తలెత్తుకుని తిరగను? కారు ఇంజిన్ విప్పిస్తే చప్పుడుందని ఒప్పుకున్నట్టు. చప్పుడుందంటే నాకు వినపడలేదని ఒప్పుకున్నట్టు. అందుకని ఇంజిన్ బాగానే ఉండితీరాలి. నా లాజిక్కు ఇదీ, దీన్ని పట్టుకుని ఏకంగా పది నెలలు వేలాడాను.

వేలాడటానికి ఒక పద్ధతి కూడా కనిపెట్టాను. చప్పుడు వచ్చినప్పుడు మా ఆవిడ ఎడమ కనుబొమ్మ కొంచెం పైకి లేస్తుంది. నేను రోడ్డు మీద ఒక కన్నూ, ఆ కనుబొమ్మ మీద ఒక కన్నూ వేసి నడిపేవాణ్ణి. కనుబొమ్మ లేవగానే, తను నోరు తెరవకముందే, "ఆ, వచ్చింది. కానీ చిన్నదే" అనేవాణ్ణి. "నీకంటే ముందు నాకే వినపడింది" అన్న ధీమా గొంతులో కలిపి మరీ. ఒక మనిషి మొహం ఇంత శ్రద్ధగా చూడటం పెళ్లిచూపుల తరవాత అదే మొదటిసారి.

ఆఖరికి తన పోరు పడలేక ఆటోనగర్‌లో మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ముప్పై ఏళ్లుగా ఇంజిన్లు విప్పి కడుతున్నాడు. రేకుల షెడ్డు, నూనె నానిన నేల, గోడకి సైజుల వారీగా తగిలించిన స్పానర్లు. పొడవాటి స్క్రూడ్రైవరు తీసి ఇంజిన్ మీద అక్కడక్కడా ఆనించి విన్నాడు. తరవాత కొసని ఒక చోట ఆనించి ఉంచి, పిడి నాకు అందించాడు. నేను చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఫ్యాక్టరీలో చేసినట్టే గంభీరంగా తల ఊపాను.

"ఉంది" అన్నాను.

"ఏ సిలిండరు దగ్గర సారూ?"

"రెండో దాని దగ్గర."

ఆయన నన్నొకసారి చూసి, "ఆయ్" అని, స్క్రూడ్రైవరు తీసుకుని పక్కన పెట్టాడు.

ముందు కంప్రెషన్ పరీక్ష చేశాడు. ఒక్కో ప్లగ్గూ తీసి గేజీ బిగించి చూస్తే నాలుగు సిలిండర్లూ ఇంచుమించు సమానంగా, కొత్త ఇంజిన్‌కి దగ్గర్లోనే ఉన్నాయి. నాకు పరీక్ష పాసైనంత సంబరం. అక్కడున్న అందరికీ టీలు చెప్పాను. "చూశారా? ఇంజిన్ గట్టిది" అన్నాను.

"అది పై కథ సారూ. పిస్టన్లు బాగున్నాయి. మన గొడవ కింద" అన్నాడు మేస్త్రి. నూనె ప్రెజరు చూస్తే ఇంజిన్ వేడెక్కాక ముల్లు బాగా కిందికి జారింది. అప్పుడు ఆయిల్ ఫిల్టరు ఊడదీసి, రేకు కోసి, లోపలి కాయితాన్ని మడతలు విప్పి ఎండలో పరిచాడు. మడతల మధ్య సన్నటి మెరుపులు. చమ్కీ పొడిలా. అయస్కాంతం దగ్గర పెట్టాడు. ఒక్కటీ అంటుకోలేదు.

అంటుకోలేదంటే ఇనుము కాదు. ఇనుము కాదంటే బేరింగు మీది మెత్తటి పూత. పూత ఊడి ఫిల్టరులోకి వచ్చిందంటే ఇంజిన్ అడుగున తిరిగే ఇరుసు, క్రాంకుషాఫ్టు, ఇంకెన్నాళ్లో నిలవదు. ఇది నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇందులో పదో వంతు మెరుపు కనిపించినా నేను ఇల్లంత బ్లోయర్ని ఆపించేసినవాణ్ణి.

"ఇంకో ఐదువేల కిలోమీటర్లు లాగించి చూద్దాం మేస్త్రీ" అన్నాను.

మాట నోట్లోంచి వచ్చాక నాలుక కరుచుకున్నాను. కళ్లజోడు తీసి తుడుచుకున్నాను కూడా. ఈసారి నిజంగానే మసకగా ఉంది.

మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టాడు. "సారూ, సప్పుడు సన్నంగా ఉన్నప్పుడే తీసెయ్యాల. బేరింగులు మార్చి, రింగులేసి, శుభ్రంగా కట్టిచ్చేత్తాను. లావు సప్పుడు ఒచ్చీదాకా ఆగారనుకోండి, అప్పుడు అందరికీ ఇనపడతాది. మీకూ ఇనపడతాది. గానీ అప్పటికి రాడ్డు బ్లాకుని బద్దలు కొట్టుకుని బయటికొచ్చేత్తాది."

"మీకూ" అన్న మాట దగ్గర ఆయన కొంచెం ఆగాడు. నేను పట్టించుకోనట్టు కొత్త ఫిల్టరు వేయించి, నూనె పోయించుకుని బండి ఇంటికి తెచ్చేసుకున్నాను.

మూడు వారాలు గడిచాయి. ఓ శనివారం పొద్దున్న మా ఆవిడ వాళ్ల పిన్ని ఇంటికి బయల్దేరాం. ఆనందపురం దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. ఒక లారీని దాటి, కాలు తీశాను. ఎడమ కనుబొమ్మ లేచింది.

"ఆ, వచ్చింది. కానీ మొన్నటి కంటే తగ్గింది" అన్నాను.

మా ఆవిడ నా వైపు తిరిగింది. నన్నే చూస్తోంది. కాసేపటికి మళ్లీ కనుబొమ్మ లేచింది. "ఇదిగో, మళ్లీ" అన్నాను.

"ఇప్పుడు రాలేదు" అంది.

నేను ఏసీ కాస్త తగ్గించాను.

"ఇప్పుడు నానే ఊరికే లేపాను కనుబొమ్మ. మీరు నా మొగం సూసి సెప్తన్నారు. కాపీ కొట్టే పిల్లలు అచ్చం ఇలగే సూత్తారు, పేపరు మీద ఓ కన్ను, పక్కోడి మీద ఓ కన్ను." ఇరవై రెండేళ్లుగా పరీక్ష హాళ్లలో తిరుగుతున్న మనిషి. తను పూర్తిగా కిటికీ వైపు తిరిగిపోయింది. నాకు జడా, చెవి వెనక భాగం తప్ప ఏమీ కనపడటం లేదు. "ఇప్పుడు సెప్పండి. ఒచ్చినప్పుడు సెప్పండి."

నేను విన్నాను. బలమంతా చెవుల్లోకి తెచ్చుకుని విన్నాను. కాలు నొక్కాను, తీశాను, మళ్లీ నొక్కాను. టైర్ల రొద, గాలి, ఏసీ. కిలోమీటరు వెళ్లాం. రెండు కిలోమీటర్లు వెళ్లాం. ఒకసారి గుడ్డిగా "ఇప్పుడు" అందామనుకున్నాను, నోరు రాలేదు.

"ఎన్ని సార్లు వచ్చింది?" అని అడిగాను ఆఖరికి.

తను వెనక్కి తిరిగింది. తిడుతుందనుకున్నాను. "అసలు ఆగితే గదా, లెక్కెట్టడానికి" అంది మెల్లగా. తరవాత, "ఇన్నాళ్లూ మీరు అబద్దం ఆడతన్నారనుకున్నాను. బండి మీద పిచ్చితో ఇనపడనట్టు నటిత్తన్నారనుకున్నాను. మీకు నిజంగానే ఇనపడదు గదా?" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. అబద్ధాలకోరు అనుకున్నన్నాళ్లూ నాకేం బాధ లేదు, అది మగాడికి మర్యాదే అన్నట్టు తిరిగాను. తన గొంతులో జాలి వినపడేసరికి ఇంక నడపాలనిపించలేదు. బండి పక్కకి తీసి ఇంజిన్ ఆపేశాను. పిన్ని గారింటికి బస్సులో వెళ్లాం. కారుని మేస్త్రి వ్యాను పంపించి ఆటోనగర్‌కి లాగించుకుపోయాడు. బస్సులో పక్కపక్కనే కూర్చుని, చెవుల పరీక్ష, అద్దం కిటికీ, మోచెయ్యి, అంతా చెప్పాను. తను ఒక చోట నవ్వింది. మిగతా చోట్ల నవ్వలేదు.

ఇంజిన్ విప్పిన రోజు సెలవు పెట్టి వెళ్లాను. మేస్త్రి కింద భాగం ఊడదీసి, రాడ్డు బేరింగులు గుడ్డ మీద వరసగా పెట్టాడు. వెండి రంగులో ఉండాల్సినవి. మూడో సిలిండరుదైతే పూత మొత్తం పోయి రాగి బయటపడింది, పాత చెంబు అడుగులాగా. ఆయన క్రాంకుషాఫ్టు మీద బొటనవేలి గోరు అడ్డంగా గీసి చూశాడు. నేను వంగి ఆ గోరునే చూస్తున్నాను. గోరు ఎక్కడైనా తట్టుకుంటే షాఫ్టుకి గాడి పడ్డట్టు.

"తగల్లేదు సారూ. సానబడితే సరిపోద్ది. ఇంకో వారం తిప్పుంటే ఇనప సామాను కొట్టుకి ఎల్లిపోయీది" అన్నాడు. నన్నూ గీసి చూడమన్నాడు. నా గోరు నున్నగా జారిపోయింది. నాలో ఇంకా నమ్మదగ్గ భాగాలు కొన్ని ఉన్నాయని సంతోషపడ్డాను.

ఇంజిన్ అలా ముక్కలుగా ఉండగానే నేనూ మా ఆవిడతో కలిసి చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆ గదికి కిటికీ లేదు. కాయితం మీద గీత కొంత దూరం తిన్నగా వెళ్లి, ఒక చోట మెట్ల మీంచి జారిపడ్డట్టు కిందికి పోయింది. లావు శబ్దాలు బాగానే ఉన్నాయనీ, సన్నటివి ఎప్పుడో పోయాయనీ డాక్టరు చెప్పారు. "ఎప్పట్నించీ?" అని అడిగారు. మా ఆవిడ వైపు చూశాను. తనూ నా వైపే చూస్తోంది. మా ఇద్దరికీ తెలీదు. ఆ కాయితం తీసుకెళ్లి డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చేశాను. ఇప్పుడు పరికరాలు చెప్పింది రాయడమే నా పని. "చెవి సార్" అనే పేరు మాత్రం అలాగే ఉంది, కాకపోతే ఇప్పుడు ఎదురుగానే అంటున్నారు, కాస్త గట్టిగా కూడా.

నెల తరవాత ఇంజిన్ తయారైంది. మొదటిసారి స్టార్ట్ చేస్తున్నారంటే చుట్టుపక్కల షెడ్ల మేస్త్రీలు కూడా వచ్చి నించున్నారు. మా ఆవిడ బడి నించి నేరుగా వచ్చింది. తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది. మేస్త్రి స్క్రూడ్రైవరుతో అన్ని చోట్లా విని, అలవాటుగా పిడి నాకు అందించాడు. అంతమంది చూస్తున్నారు. తల ఊపేస్తే సరిపోయేది.

"నాకు వినపడదు మేస్త్రీ. ఎలా ఉందో నువ్వే చెప్పు" అన్నాను.

"బంగారంలా ఉంది" అన్నాడాయన. తరవాత నా దగ్గరికొచ్చి, "నాకు మొదటి రోజే తెల్సు సారూ. ఏ సిలిండరంటే రెండోదన్నారు. నాను స్క్రూడ్రైవరు పెట్టింది మూడో దాని మీద" అన్నాడు. ఆ రోజు నేను కళ్లు మూసుకుని విన్నాను కదా. చూసి ఉంటే కనీసం అదైనా తప్పేవాణ్ణి కాదు.

మొదటి వెయ్యి కిలోమీటర్లు మెల్లగా నడపమన్నాడు. అరవై దాటకూడదు, ఒక్కసారిగా కాలు నొక్కకూడదు. సాయంత్రం నాలుగింటికి ఇద్దరం బయల్దేరాం. ఆటోలు మమ్మల్ని దాటుకుని పోతున్నాయి. ఒక ఆటో వెనక కూర్చున్న ముసలాయన మా కారుని జాలిగా చూశాడు. మా ఫ్యాక్టరీ కాలనీ, ఉక్కునగరం లోపలికి తిప్పాను, అక్కడ రోడ్లు వెడల్పు, మనుషులు తక్కువ.

"బండిలో కూసున్నప్పుడల్లా నాను ఏదో ఒకటి అడిగీదాన్ని. మీరు పలికీవారు కాదు. కోపం ఒచ్చిందేమో అనుకుని ఊరుకునీదాన్ని. తర్వాత అడగడమే మానీసాను" అంది మా ఆవిడ. కోపంగా కాదు, లెక్క తప్పెక్కడ పడిందో దొరికినట్టు.

ఇంజిన్‌ని చెయ్యి దాటడానికి వారం ముందు పట్టుకున్నాం. నా చెవుల్ని ఎన్నేళ్లు ఆలస్యంగా పట్టుకున్నామో నాకు అంతుపట్టలేదు. 

"ఏం అడిగావు? ఒక్కటైనా గుర్తుంటే చెప్పు" అన్నాను.

తను ఆలోచించింది. "ఎన్నని గుర్తుంటాయి? ఒకటి మాత్రం గుర్తుంది. ఈ బండి నాకు నేర్పుతారా అనడిగాను. మూడు నాలుగు సార్లు అడిగాను. పలకలేదు మీరు. పాపం, అప్పటికే ఇనపడటం మానేసుంటాది."

ఇంత తేలిగ్గా బయటపడే దారి నాకు జీవితంలో ఎప్పుడూ దొరకలేదు. తనే తవ్వి, తనే చదును చేసి ఇచ్చింది. డాక్టరు కాయితం నకలు కూడా జేబులోనే ఉంది.

"అది వినపడింది" అన్నాను.

తను నా వైపు తిరిగింది.

"మూడు సార్లు కాదు, నాలుగు సార్లు అడిగావు. నాలుగు సార్లూ వినపడింది. నా కారు ఇంకొకళ్లు నడపడం ఇష్టం లేక పలకలేదు."

 నేను మొహం చూడటానికి భయపడి రోడ్డు వంకే చూస్తూ నడిపాను. నలభైలో వెళ్తున్నాం.

"ఆపండి" అంది.

ఆపాను. తను దిగి, బానెట్ ముందు నించి చుట్టూ తిరిగి వచ్చి, నా వైపు తలుపు తీసింది.

"దిగండి."

దిగాను.